చిన్నమ్మ కల్పించిన జాతి

మట్టెవాడలో మా చిన్నమ్మ వాళ్లకు బట్టల దుకాణం ఉండేది. డిగ్రీ చదివే రోజుల్లో నేను మధ్యాహ్నాలు అక్కడే కూర్చునేదాన్ని. గిరాకీ లేనప్పుడు చిన్నమ్మ వేరే గ్రహం మీది జాతి ఒకదాన్ని కల్పించి చెప్పేది. అక్కడ వెలుతురు ఉండదు కాబట్టి వాళ్లకు కళ్లు లేవు, ఒళ్లంతా చెవులే. గొంతు కలిసిన ఇద్దరే జంట కడతారు. ఒకప్పుడు ఒక పాట ఎవరిదని రెండు తెగలు కొట్లాడుకుని, చివరికి చెరి సగం పాడుకున్నాయట. నేనేమడిగినా గజంబద్ద గడ్డానికి ఆనించుకుని, "జర ఆగు, సోంచాయించనియ్యి" అని ఆలోచనలో పడేది. గల్లాపెట్టె దగ్గర చిన్నాయన నవ్వుకుంటూ వినేవాడు.

ఆ చిన్నాయన గుండెపోటుతో పోయాడు. కొన్నాళ్లకు చిన్నమ్మ దుకాణం తెరిచింది కానీ, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఎలాగైనా మాట్లాడించాలని, "చిన్నమ్మా, వాళ్లల్ల ఎవరన్న సచ్చిపోతే ఎట్ల?" అని అడిగాను. అడిగాక భయమేసింది.

ఈసారి ఆమె "జర ఆగు" అనలేదు.

"పోయినోళ్ల గొంతు దగ్గరోళ్లకు వస్తది బిడ్డా. ఇగ వాళ్లు రెండు గొంతులతోని బతుకుతరు."

అంతలో ఇద్దరు ఆడవాళ్లు మెట్లెక్కారు. చిన్నమ్మ లేచి వాళ్ల ముందు చీరలు పరిచి, "కూసోండ్రి అక్కా, కొనకున్నా మంచిదే, సూసిపోండ్రి" అంది.

అన్నేళ్లలో ఆ మాట నేను చిన్నాయన నోట తప్ప వినలేదు.