పాట ఆగిన చోట

మా బాపు చెవుల సంగతి ఎవరైనా తీస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బతుకుదెరువుకు వలస వచ్చిన ఉధ్నాలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి నడిపి ఆయన చెవులు పోయాయి. కార్ఖానా షేఠ్‌కు చెబితే "ఉమర్ హో గయీ" అన్నాడట. ఏం ఉమరు? ఆ షేఠ్‌దీ బాపు వయసే. ఏసీ గదిలో కూర్చుని ఫోన్లో గుసగుసలు కూడా వింటాడు మహానుభావుడు!

చౌక్ బజార్‌లో పాత సామాన్లు అమ్మేచోట నాకొక జాజ్ రికార్డు దొరికింది. సాక్సోఫోన్ మీద బ్లూస్, నెమ్మది పాటలు. "పెళ్లి బరాత్ ఎవరిది భాయ్?" అని పక్క గదివాళ్లు ఎగతాళి చేసినా సెలవు రోజు అదే పెట్టుకునేవాణ్ణి. ఇంట్లో ఎవర్నీ దాన్ని ముట్టనిచ్చేవాణ్ణి కాదు. బాపు వచ్చి స్పీకర్ డబ్బా మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఆ అదురే ఆయనకు పాట.

ఒకరోజు పాట నడుమ వాయించేవాడు కాసేపు ఆగాడు. అంతే, బాపు దిగ్గున లేచి రికార్డును చేత్తో ఒక్క తోపు తోశాడు. సూది కీచుమంది. రికార్డు మీద అడ్డంగా గీత పడింది.

"ఏం జేసినవ్ బాపూ! ఆగం జేసినవ్ గదా!" ఆయన చెవి దగ్గర అరిచాను.

"ఆగింది గదరా. పోగు తెగిందేమో అనుకున్న."

సాంచా ఆగిందంటే పోగు తెగినట్టే. ఉరికి, పోగు అతికించి, చక్రం తోసి మళ్లీ నడిపించాలి. జర ఆలస్యమైతే షేఠ్ తిట్లు. పని మానేసినా ఆ భయం బాపు చేతుల్లోంచి పోలేదు. నా కోపమంతా షేఠ్ మీదికి మళ్లింది. చెవులు తిన్నది చాలదా, ఈ ఒక్క పాటనైనా ఆయన్ని కుదురుగా విననివ్వడా?

మరుసటి సెలవుకు మళ్లీ అదే పాట పెట్టాను. గీత దగ్గర టక్కుమంది, అయినా నడిచింది. ఆ ఆగే చోటు రాగానే బాపు లేవబోయాడు. భుజం పట్టి కూర్చోబెట్టి, చెవి దగ్గర గట్టిగా చెప్పాను.

"పోగు తెగలే బాపూ! వాయించేటాయన ఊపిరి తీసుకుంటుండు. మళ్ల వాయిస్తడు."

బాపు నమ్మలేనట్టు నావైపు చూశాడు.

"పని నడిమిట్లనా? గట్ల ఆగితే ఆయన్ను ఎవ్వలేమనరా?"