ఖాళీ కుర్చీలు తుడిచే రోజ్ గారు

ఈ మధ్యాహ్నం మావారూ నేనూ ఓక్లాండ్ స్టేడియంలో బేస్‌బాల్ చూశాం. మా సెక్షన్‌లో లెక్కపెడితే పదకొండు మందిమే ఉన్నాం. అయినా సీట్లు చూపించే పెద్దావిడ రోజ్ గారు పొద్దుటి వానకి తడిసిన ఖాళీ కుర్చీలన్నీ తుడుస్తున్నారు.

“ఎవరూ రారేమో, ఎందుకండీ శ్రమ?” అన్నాను.

“వస్తే తడి కుర్చీలో కూర్చోబెట్టనా, హనీ?” అన్నారు.

ఇక్కడికి జనం రావడం లేదని టీమ్ వాళ్లు కొత్త స్టేడియం మా ఊరు ఫ్రీమాంట్‌లో కడతామంటున్నారు. కట్టాలని కోరే అర్జీ మీద మొన్న నేనూ సంతకం పెట్టాను. రోజ్ గారికి కారు లేదు. అంత దూరం రాలేక ఈ పని మానేయాల్సిందేనట. అది కూడా తుడుస్తూనే చెప్పారు.

ఇంటికొచ్చాక, సంతకం వెనక్కి తీసుకుంటానన్నాను.

“ఒక్కావిడ కోసమా?” అని మావారు నవ్వారు.

నేను రోజూ ఎసట్లో గ్లాసు బియ్యం ఎక్కువ పోసేది, వస్తారో రారో తెలియని ఆ ఒక్కరి కోసమే కదా. మీరైతే ఏం చేస్తారు?