సెట్టు మాస్టారు

ఆయనకు రోజు మొత్తానికి ఒక్క మాట చాలు. పొద్దున్నే మెట్ల దగ్గర ఇంటి ఓనరు "అంతా సెట్టేనా?" అంటాడు. ఈయన "సెట్టే" అంటాడు. పాల ప్యాకెట్లమ్మే ఆవిడ తన చిన్నదానికి సంబంధం సెట్టయిందని చెబితే సంతోషిస్తాడు. కొత్త ఫోన్ కొనుక్కోమని ఎవరైనా అంటే "అవి మనకి సెట్ కావండీ" అని తప్పించుకుంటాడు. అంతటితో ఆ పూట కబుర్లు అయిపోతాయి. ఇంకో మాట వాడే అవసరం ఆయనకు ఎవరూ కల్పించరు.

పంటి డాక్టర్లందరికీ ఆయన సెట్టు మాస్టారు. కట్టుడు పళ్ల సెట్లు చేస్తాడు. వెనక గదిలో కూర్చుని అచ్చులో ప్లాస్టర్ పోస్తాడు, అది సెట్టయ్యేదాకా కిటికీలోంచి ఎదుటి గోడను చూస్తాడు, తర్వాత మైనంలో ఒక్కో పన్నూ సెట్ చేస్తాడు. ఆ పళ్లు పెట్టుకునేవాళ్లను మాత్రం ఎప్పుడూ చూడడు. గది నిండా నోళ్లే, పలకరించే నోరు ఒక్కటీ లేదు పాపం!

అమ్మ పోయాక ఆయన్ని పెంచింది అక్క. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం చూసుకుని వేరే గదికి వెళ్లిపోయి, మెల్లమెల్లగా రాకపోకలు మానేసింది. ఎందుకు మానేసిందో ఆయనకు అంతుపట్టలేదు. ఫోన్ చేస్తే "పనిలో ఉన్నాను" అనేది. కొన్నాళ్లకు ఈయనా చేయడం మానేశాడు. పౌరుషం అనుకున్నాడు గానీ, నిజానికి అది భయం.

ఒకరోజు ఒక డాక్టరమ్మ దగ్గర్నుంచి ఒకే మనిషి నోటివి రెండు అచ్చులు వచ్చాయి. ఒకటి పళ్లు తీసేయకముందుది, ఇంకోటి తీసేసి చిగుళ్లు మానాక తీసింది. మొదటిదాంట్లో ముందు పన్ను ఒకటి పక్కదాని మీదికి ఎక్కి కూర్చుంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. చీటీ మీద పేరు చూశాడు. అక్కే.

చిన్నప్పుడు ఆ పన్నును చూసే "వంకరపన్నక్కా" అని పిలిచేవాడు. ఆ పిలుపుకు ఇల్లంతా నవ్వేది. అక్కకు సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ల ముందూ అలాగే పిలిస్తే, వాళ్లూ పగలబడి నవ్వారు.

ఆయన ఆ రోజు భోజనం మరచిపోయాడు. పళ్లన్నీ వరసగా సెట్ చేసి, ఆ ఒక్కదాన్ని మాత్రం పాత అచ్చులో ఉన్నట్టే పక్కదాని మీదికి ఎక్కించాడు. అద్దంలో చూసుకోగానే అక్క పోల్చుకుంటుంది, ఇది తమ్ముడి చెయ్యే అనుకుంటుంది, ఫోన్ చేస్తుంది. అదీ ఆయన ఆశ. ముందుగా నోట్లో పెట్టి చూడడానికి మైనం సెట్టు పంపించి, ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. డాక్టరమ్మ.

"మాస్టారూ, ఆ ముందు పన్ను తిన్నగా పెట్టాలండీ."

"ఆవిడకి నచ్చలేదా అమ్మా?"

"అద్దం చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఈ పన్ను మూలంగానే జీవితమంతా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను, డబ్బిచ్చి మళ్లీ దాన్నే తగిలించుకోవాలా అన్నారు."

అక్క చెయ్యి అడ్డం పెట్టుకోవడం రోజూ చూసినవాడే. అదో అలవాటనుకున్నాడు. తను ముద్దుగా పిలిచాననుకున్న పిలుపు ఆమెకు ఎక్కడ గుచ్చుకుందో ఒక్కసారీ అడగలేదు. ఇన్నాళ్ల అలకకు కారణం ఆయన నోట్లోనే ఉంది.

సెట్టు తిరిగొచ్చింది. మైనం వేడిచేసి ఆ పన్ను కదిపాడు. ఎంత చిన్న పని! ఎంత కదిపినా తిన్నగా ఉందనిపించక కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాడు.

పళ్లు పెట్టించిన రోజున ఆయనే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"సెట్టయ్యాయా అమ్మా?"

"బ్రహ్మాండంగా! ఎంత నవ్వారో! చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. చేసినాయన్ని చూడాలన్నారు మాస్టారూ, మీ అడ్రసు ఇవ్వనా?"

ఆయన గదిలోని ప్లాస్టర్ నోళ్లవైపు చూశాడు. తను ఎదురుపడితే అక్క చెయ్యి మళ్లీ పైకి లేస్తుందేమో.

"వద్దమ్మా," అన్నాడు. "నవ్వనివ్వండి."