మిట్టమధ్యాహ్నం గ్లాసుడు నీళ్లు

స్టీలు మీద పేర్లు చెక్కే మిషను గుర్రుమంటే మోచేతి దాకా జివ్వుమంటుంది. ఇరవై ఏళ్ల అలవాటే అయినా మొన్న మాత్రం చెయ్యి బరువెక్కింది. పెద్దకర్మ నాడు పంచడానికి రెండు వందల గ్లాసుల మీద సూర్నారాయణ బాబాయి పేరు చెక్కాలి మరి.

మావాళ్లు స్టీలు ప్లాంటు పనికి వలసొచ్చిన ఈ హిందీ ఊళ్లో, రిసాలి బజారులో ఆయనది గిన్నెల కొట్టు. బజారంతా సేఠ్‌జీ అనేది, నేను బాబాయి అనేదాన్ని. నాన్న ప్లాంటులో రిటైరయ్యాక ఇల్లు గడవక ఆ కొట్టులో చేరాను. పెళ్లిలో చదివించే గిన్నె మీద పేరు లేకపోతే మనవాళ్లకి నిద్ర పట్టదు కదా. స్పూను కొన్నవాళ్లు కూడా ఇంటిపేరుతో సహా చెక్కించుకునేవారు. "సూడమ్మా, స్పూను కన్నా పేరే పొడుగైపోనాది" అని బాబాయి నవ్వేవాడు.

ఒక ఎండాకాలం కూరలమ్మే అప్పలనర్సమ్మ మా కొట్టు మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయింది. బాబాయి కొత్త గ్లాసుతో నీళ్లిస్తే పెదవులు తడుపుకుని పక్కన పెట్టేసింది. "తాగెయ్యి, ఏటి సూస్తన్నావు?" అన్నాడాయన. "నీలు తాగితే మరెటెల్తాను బాబూ? పొద్దుగూకిందాకా ఈడే కూకోవాల. ఆడోలందరం ఇంతే" అందామె. ఇన్నేళ్లూ వాళ్ల ఎదురుగానే కూర్చున్న మనిషి ఆ మాటకి తల దించుకున్నాడు. కొట్టు వెనకున్న మరుగుదొడ్డి తాళం ఆ రోజే వాళ్లకిచ్చేశాడు. నలభై మందికి ఒక్కటి ఏ మూలకి?

బజారులో ఆడవాళ్లకి మరుగుదొడ్లు కట్టించమని మునిసిపాలిటీకి అర్జీలు హిందీలో నేనే రాశాను. ఇద్దరి చెప్పులూ అరిగాయి. చివరికి బాబాయి విసుగెత్తి, "అడిగి అడిగి నోరెండిపోతంది. మనమే ఆ కుర్సీలో కూకుందుము" అని వార్డు ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. కొట్టు సగం మూతబడింది, పిన్ని తిట్టని రోజు లేదు. పదవి ముగిసే ఏడాదికి గానీ బజారు చివర ఆడవాళ్లకి నాలుగు మరుగుదొడ్లు, బయట ఒక మంచినీళ్ల కుళాయి రాలేదు. శిలాఫలకం మాటెత్తితే వద్దన్నాడు. "పేరున్న గిన్నెలు అటక మీదుంటాయమ్మా. పేరు లేనివే పొయ్యి మీదుంటాయి."

తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయాడు. గెలిచినాయన ఆ గోడలకి రంగు వేయించి తన పేరు బారెడు అక్షరాలతో రాయించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. పరుగున వెళ్లి చెప్పాను. "కుళాయిలో నీలొస్తన్నాయా?" అనడిగాడు బాబాయి. వస్తున్నాయన్నాను. "మరింకేటి?" అన్నాడు. ఆ గొంతులో పెద్దరికమేమీ లేదు, అలసటే ఉంది. అయినా ఆ తర్వాత రోజూ కొట్టు తెరిచేముందు వెళ్లి ఆ కుళాయి తిప్పి చూసేవాడు. పాడైతే తనే మనిషిని పట్టుకొచ్చి బాగుచేయించేవాడు. మంచాన పడ్డాక ఆ పని నాకు వచ్చింది. ఒప్పుకున్నానని చెప్పలేను. వద్దనలేకపోయాను, అంతే. మోకాళ్ల నొప్పులు, అయినా వెళ్తాను.

"గ్లాసుల మీద నాన్న పేరు ఉండాల్సిందే దీదీ" అన్నాడు బాబాయి కొడుకు. కాదనలేక చెక్కాను. ఇవీ అటకెక్కేవేనని తెలిసే చెక్కాను. పంచేటప్పుడు అప్పలనర్సమ్మ గ్లాసు అందుకుని అక్షరాలు తడిమింది. ఆమెకి చదువు రాదు. "ఏటి రాసినావు?" అంటే బాబాయి పేరన్నాను. గ్లాసు పట్టుకునే బజారు చివరికి నడిచింది. నేను పొద్దున్న తిప్పి చూసొచ్చిన కుళాయి కింద గ్లాసు పెట్టి, మిట్టమధ్యాహ్నం, అందరి ముందూ గడగడా తాగేసింది. మళ్లీ నింపుకుంది.