ప్రెసిడెంటుని నవ్వించిన బఫూను

మా చిన్నప్పుడు... అంటే నా నెత్తిన ఇంకా వెంట్రుకలుండే కాలంలో అబ్బా... మా ఊర్లో రేయిపూట ఆడే భారతం నాటకంలో దుర్యోధనుడి కంటే బఫూను ఎల్లప్పే పెద్ద. రాజు కొలువుకి రాకముందే ఈయనొచ్చి, ఊర్లో పెద్దమనుషుల గుట్టంతా నవ్వతా నవ్వతా విప్పేసేవాడు.

ఒకసారి మా పంచాయతీ ప్రెసిడెంటు ముందర వరసలో కూసోనుండాడు. ఎల్లప్ప నింపాదిగా మొదులు పెట్టినాడు...

"మా దుర్యోధన మహారాజు బడి పిల్లకాయల కోసం బోరు ఏయించినాడు సామీ. బడి ఈడుండాది, బోరు మాత్రం ఆయన మామిడితోపులో ఉండాది. పిల్లకాయలు ఇప్పుడు బయల్దేరితే పెండ్లయ్యేలోపల పోయి తాగొచ్చు."

జనం పడీ పడీ నవ్వినారు. మా అవ్వ నవ్వతా నవ్వతా నోట్లో వక్క మింగేసింది. ప్రెసిడెంటు చెప్పు తీసుకోని లేసినాడు.

"వీడు మళ్లా ఈ ఊర్లో రంగు పూసుకుంటే సూడండి" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఎల్లప్ప మళ్లా రాలేదు. మా ఊరే కాదు, సుట్టుపక్కల ఊర్లోళ్లు గూడా భయపడి పిలిసేది మానుకున్నారు.

భారతం జరిగేటప్పుడు ఒక్కో రేయి ఒక్కో ఇంటోళ్ల ఉభయం. ఆ రేయి ఖర్చు ఆ ఇంటిదే, ఎవుర్ని ఆడించాలో సెప్పే హక్కూ ఆ ఇంటిదే. రెండేండ్లు సూసి మా నాయన మొండికేసినాడు. చంద్రగిరి అవతల ఎల్లప్ప ఊరికి పోయి తాంబూలం ఇచ్చొచ్చినాడు.

"ఈసారి గూడా ఆ ప్రెసిడెంటుని వదల్ను అన్నా. జనం ఒక్కసారి నవ్వితే సాలు, అన్ని ఊర్లోళ్లూ మళ్లా పిలుస్తారు" అన్నాడంట ఎల్లప్ప.

మా నాయన తెలివి ఎంతంటే... ఆ ఉభయంలో మా పెదనాయనకీ సగం ఉండాదని మర్సిపోయినాడు. ఈయన ఇంటికొచ్చేలోపల ఆయన తిరపతి పోయి, టీవీ, సినిమా క్యాసెట్లేసే డెక్కు బాడిగకిచ్చేవోడికి ఇంకో తాంబూలం ఇచ్చేసినాడు.

"టీవీలో సినిమా వస్తా ఉంటే నీ బఫూను యాడికిరా?" అన్నాడు పెదనాయన.

"నీకు టీవీ కావాలంటే తిరపతిలోనే కాపరం పెట్టు పో" అన్నాడు నాయన.

తాంబూలం తీసుకున్నోడు ఆడి తీరాల. వెనక్కి ఇచ్చేది లేదు. పెద్దమనుషులు కూసోని తీర్పు సెప్పినారు... ఒక సినిమా అయిపోయి, ఇంకో క్యాసెట్టు పెట్టేలోపల ఎల్లప్ప ఆడుకోవచ్చని.

ఆ రోజు ఎద్దులబండి మింద టీవీ పెట్టినారు. దాన్ని సూసేకి ఎన్నడూ భారతానికి రానోళ్లు గూడా వచ్చినారు. మొదటి సినిమా అయిపోయింది. ఎల్లప్ప ముఖం నిండా రంగు పూసుకోని బండి ముందరికొచ్చినాడు. ముందర వరసలో ప్రెసిడెంటు.

అదే బోరు మాట ఇంకా కారంగా సెప్పినాడు. బడి బోరు నీళ్లు తాగి తోపులో కాయలు బడికి పోతా ఉండాయంట, దాహానికి పిల్లకాయలు తోపుకి పోతా ఉండారంట.

ఒక్కరు గూడా నవ్వలేదు.

"కొంచెం పక్కకు జరగప్పా, క్యాసెట్టు పెట్టినాడో లేదో కనపడ్లా" అని వెనక నుంచి ఎవురో అన్నారు.

అప్పుడు నవ్వినాడు ప్రెసిడెంటు. ఒక్కడే... పొట్ట పట్టుకోని.

"బాగుండాది ఎల్లప్పా. ఇంకోటి సెప్పు" అన్నాడు.

ఎల్లప్ప ఆయన్నే సూస్తా నిలబడినాడు. తర్వాత పక్కకొచ్చేసినాడు.

మా నాయన ఎదురుపోయి, "ఏమప్పా, మధ్యలో వదిలేసినావు? ఆయనకి కోపం గూడా రాలేదు గదా" అన్నాడు.

"అదే అన్నా..." అన్నాడు ఎల్లప్ప. "కొట్టేకొచ్చినప్పుడు నాకు భయం లేదు. నా మాటలు జనానికి అక్కర్లేదని ఇప్పుడు ఆయనకి తెలిసిపోయింది. ఇంక నేనేం సెప్పినా ఆయన నవ్వతాడు."

మరుసటేడు నాయన మళ్లా తాంబూలం తీసుకోని పోయినాడు. ఎల్లప్ప కాఫీ ఇచ్చినాడు, తాంబూలం మాత్రం ముట్టుకోలేదు. ఆ మరుసటేడు నాయన గూడా పోలేదు. మా ఉభయం టీవీకే పోయింది.

ఇప్పుడు మా మనవడు ఈ ఫోన్లో పెద్దపెద్దోళ్లని ఎగతాళి చేసేవి సూపిస్తాడు. ఆ పెద్దోళ్లే వాటిని సూసి నవ్వి, నలుగురికి పంపుతా ఉంటారంట...

మీ ఊర్లోనూ ఎల్లప్పలాంటోడు ఉండుంటే కింద పేరు రాయండబ్బా. ఊరికే పేరు సాలు... నవ్వింది గుర్తుంటాది గానీ, ఎందుకు నవ్వినామో ఇప్పుడు ఎవురికి కావాల?