కృపావరం మావయ్య నాలుకల తనిఖీ

"మావయ్యా, పాప నాలుక మీద ఏవో మచ్చలు పాకుతున్నాయి. క్యాన్సరేమోనండీ!"

మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసినదాన్ని, అనాల్సిన మాట కాదు. వణుకులో అనేశాను. కృపావరం మావయ్య తొణకలేదు. "ఏదీ, ముందు నీ నాలుక చాపు," అన్నారు.

ఆయనతో చిక్కే అది. బందరులో కాంపౌండరుగా రిటైరైన మా పక్కింటి పెద్దాయన, మనిషి కనబడితే పలకరించరు, నాలుక చాపమంటారు. చర్చిలో పాస్టరుగారు చెయ్యి చాపితే, "చెయ్యి కాదండీ, నాలుక," అన్నారు. కూతురి పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకుని అడిగితే వియ్యపురాలు విసురుగా లేచింది. ఆవిడా చాపాకే కూర్చోనిచ్చారు.

మా షీబాకి అయిదేళ్ళు. నాలుక మీద ఎర్రటి మచ్చలు, చుట్టూ తెల్లటి అంచు. సోమవారం ఎడమవైపున్నవి గురువారానికి కుడివైపు తేలాయి. చదువుకున్నదాన్ని కదా, ఫంగస్ అని తేల్చేసి టంగ్ క్లీనరుతో గీకాను. పిల్ల కెవ్వుమంది. ఆ రోజు నుంచి నాకు నోరు చూపించలేదు. అన్నం ముద్దకి మాత్రం సన్నటి సందు ఇచ్చేది. లోపల అదేం పెరుగుతోందోనని నాకు మెతుకు దిగేది కాదు.

పళ్ళ డాక్టరు దగ్గరికి మావయ్యా వచ్చారు. షీబా పెదాలు బిగించింది. డాక్టరమ్మ ఎంత బతిమాలినా లాభం లేదు.

"చూడకుండా ఏం చెప్పనండీ?" అందావిడ.

మావయ్య తలుపు బార్లా తీసి, బయట బెంచీల మీదున్నవాళ్ళకి కేకేశారు. "అందరూ నాలుకలు చాపండమ్మా!"

"మాకెందుకండీ? మావాడికి పన్ను పీకించడానికొచ్చాం," అందొకావిడ.

"పీకేది వాడికేగా, నీకేం నొప్పి? చాపు!"

ఎనిమిది మంది చాపారు. డాక్టరమ్మ చాపింది. నేనూ చాపాను. షీబా కిసుక్కున నవ్వి, తనూ చాపింది.

"ఇది కంగారుపడాల్సిన జబ్బు కాదు, అంటుకోదు. దేశపటంలా మచ్చలొస్తాయి, చోటు మారతాయి, పోతాయి, మళ్ళీ వస్తాయి. మండితే కారం తగ్గించండి. గీకకండి," అంది డాక్టరమ్మ. "అదలా ఉంచండి, వెనక దవడపన్ను పుచ్చింది, చూశారా?"

మూడు వారాలుగా నాలుక గురించి వణికిన నేను, పన్ను సంగతే చూడలేదు.

ఆటోలో అడిగాను. "ఇంతమంది నాలుకల్లో ఏం చూశారు మావయ్యా?"

"నా మొహం, చత్వారం! దగ్గరిది ఏదీ ఆనదు. ఆస్పత్రిలో నోరు తెరవమంటే పసివాళ్ళు హడలి చచ్చేవాళ్ళమ్మా. పెద్దాళ్ళు చాపడం రోజూ చూస్తుంటే ఇదీ ఓ ఆటేననుకుంటారని..."

నాకింకా భయం పూర్తిగా పోలేదు. అయినా రోజూ పొద్దున్నే, బ్రష్ పట్టుకోకముందే, ఆటో దిగుతూ ఆయన చెప్పిందే చేస్తున్నాను: "ముందు నువ్వు నోరు తెరువు. నీ పళ్ళు పిల్లని లెక్కపెట్టనీ. ఆ తరవాతే దాని వంతు."