బుజ్జమ్మ కదలకుండా కూర్చున్న రోజు

2003 జూన్. పుంగనూరు దగ్గరి ఒక పల్లెలో, ఇంటి వసారాలో, రెండేళ్ల బుజ్జమ్మ నా ఎదుట కదలకుండా కూర్చుంది.

ఇళ్లకు వెళ్లి పిల్లల బొమ్మలు గీయడం నా పని. మదనపల్లెలో డిగ్రీ అయ్యాక, ఇద్దరు పిల్లలు పుట్టాక మొదలుపెట్టాను. స్టూడియో ఫోటోలా కాకుండా, బిడ్డ ఇంట్లో మామూలుగా ఎలా ఉంటుందో అలా కావాలని తల్లిదండ్రులు అడిగేవారు. అందుకే ముందుగా జెస్చర్ స్కెచ్‌లు వేస్తాను. అంటే ముఖం జోలికి పోకుండా, ఒళ్లు ఎటు వంగిందో, ఏ భుజం లేచిందో నాలుగు గీతల్లో పట్టడం. ముందురోజు బుజ్జమ్మకు అలాంటివి వేయబోతే ఒక్కటీ సరిగా కుదరలేదు. కాసేపు కోడిపిల్లల వెంట, కాసేపు అవ్వ వీపు మీద.

ఆరోజు ఇంట్లో అందరూ వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు. మిషన్లో వేస్తే గింజ చిట్లి మొలకెత్తదని, విత్తనానికి చేత్తోనే ఒలుస్తారు.

"పాప నీరసంగా ఉందేమమ్మా?" అన్నాను.

"ఏం ల్యా. ఇందాక గింజలు తింటా ఎగిరింది, పొలమారింది," అంది వాళ్ల అవ్వ రెడ్డెమ్మ. "వాళ్ల నాయన టమేటా లోడుతో పోయినాడు గదా, తలుసుకుంటా ఉంటాడు. నెత్తిన తట్టి నీళ్లు తాపినాం, సర్దుకునింది. నీ బొమ్మ కోసరమే కూసోనుండాది, సూడు!"

గీయడం మొదలుపెట్టాను. ఎడమ భుజం ఊపిరితో లేస్తోంది. కుడి భుజం గీత మాత్రం గీసినచోటే ఉంటోంది. గౌను పైకెత్తి చూశాను. ఛాతీ ఒక పక్కే ఉబ్బుతోంది. చెవి ఆనిస్తే సన్నటి ఈల.

"సుజాతా, గింజ ఊపిరిగొట్టంలోకి పోయినట్టుంది. ఆస్పత్రికి పోదాం," అన్నాను పాప తల్లితో.

రెడ్డెమ్మకు కోపం వచ్చింది. "ఎగిరితే కుదురు లేదంటారు, కూసుంటే రోగమంటారు! పసిబిడ్డ ముందర యాల తల్లీ ఆ మాటలు?"

ముందురోజు కాగితం, ఆనాటి కాగితం పక్కపక్కన పెట్టాను. ముందురోజు దాంట్లో రెండు భుజాలకూ అటూ ఇటూ గీతలే; ఆనాటి దాంట్లో ఎడమ భుజానికి నాలుగు గీతలు, కుడి భుజానికి ఒక్కటే. ఆమె వాటిని చూసింది, మనవరాలిని చూసింది. ఒడిలోని కాయలు కింద పడ్డాయి.

"అవునే సుజాతా... ఒగ పక్కే లేస్తాండాది."

పుంగనూరు డాక్టరు స్టెతస్కోపు పెట్టి, వెంటనే కుప్పం పెద్దాస్పత్రికి తీసుకుపొమ్మన్నారు. జీపులో పలమనేరు మీదుగా బయల్దేరాం. సుజాత బిడ్డ పెదాలు నీలంగా మారతాయేమోనని వాటినే చూస్తోంది, నేను ఛాతీని. కుప్పంలో పాపకు మత్తిచ్చి, బ్రాంకోస్కోప్‌తో, అంటే కొసన లైటున్న సన్నటి గొట్టంతో, సాయంత్రానికి గింజ బయటికి తీశారు. సగం బద్ద.

దాన్ని చూసి రెడ్డెమ్మ ఏడ్చింది, తర్వాత నవ్వింది. "ఇంకమీదట పొలమారితే ఎవురు తలుసుకునిందీ అడగను. ఏం మింగినావని అడుగుతా."

మత్తు దిగిన బుజ్జమ్మ మంచం దిగుతానని కాళ్లు తన్నుకుంటుంటే, చూసి వచ్చేశాను. అంతకుముందు ఏ బొమ్మకైనా, బిడ్డ కుదురుగా కూర్చుంటే చాలని దేవుడికి మొక్కుకునేదాన్ని.

మర్నాడు పొద్దున్నే మా పిల్లలు నా సంచీ వెతికారు. "బొమ్మ అయిపోయిందా అమ్మా?"

"లేదు. పాప మళ్లీ పరుగెత్తాక గీస్తాను," అన్నాను. "మీరు మాత్రం నోట్లో గింజలు పెట్టుకుని ఎగరొద్దు. మింగేశాక మీ ఇష్టం, ఎంతైనా ఎగరండి. బొమ్మ కోసం కదలొద్దని మిమ్మల్ని ఇంకెప్పుడూ అనను."